యాసిడ్ తొట్టి

మా ఆయన అన్నయ్యని నేను బావగారూ అని పిలవాలి. పిలిచినన్నాళ్ళూ అలాగే పిలిచాను. తణుకు నుంచి భీమవరం వెళ్ళే దారిలో ఆయనకి ఒక గాల్వనైజింగ్ షెడ్డు ఉంది. ఇనుప సామానుకి జింకు పూత వేసే చోటు. రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్ల ఫ్రేములు, పొలాల గేట్లు, కరెంటు స్తంభాల బ్రాకెట్లు, ఏది వచ్చినా చేసే పని ఒకటే. ముందు ఇనుముని యాసిడ్‌లో ముంచి తుప్పు వదలగొడతారు. నీళ్ళలో కడుగుతారు. తరవాత కరిగిన జింకులో ముంచి తీస్తారు. మొదటి తొట్టిలో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. ఆ తొట్టి దేనితో చేయించాలన్న దగ్గరే మా కుటుంబం రెండుగా చీలింది. బయటివాళ్ళు ఆస్తి గొడవ అనుకుంటారు. మేమూ కాదని చెప్పలేదు. తొట్టి గురించి చీలిపోయామంటే ఎవరు నమ్ముతారు?

నేను చదివింది మెటలర్జీ. పెళ్ళికి ముందు విశాఖపట్నంలో ఒక ఫ్యాక్టరీలో, తుప్పు పరీక్షలు చేసే లాబ్‌లో పనిచేశాను. ఏ లోహం ఏ ద్రవంలో ఎన్నాళ్ళు నిలుస్తుందో చూడడమే నా ఉద్యోగం. పెళ్ళయి భీమవరం వచ్చాక అది మానేశాను. ఒకరోజు భోజనాల దగ్గర బావగారు, నాతో కాదు, మా ఆయనతో అన్నారు.

"ఇంట్లోనే ఇంజనీర్ని పెట్టుకుని బయటవాళ్ళ చుట్టూ తిరగడమెందుకురా? మీ ఆవిణ్ణి షెడ్డుకి రమ్మను."

నేను ఎదురుగానే ఉన్నాను. ఆయన పళ్ళెంలో పప్పు వడ్డిస్తున్నాను. అయినా నాకు సంతోషమే కలిగింది. షెడ్డు బోర్డు మీద "క్వాలిఫైడ్ ఇంజనీరు పర్యవేక్షణలో" అని రాయించుకోవడానికే ఆ పిలుపు అని తరవాత తెలిసింది. బోర్డు రాయించడం అయిపోయింది. నేను చెప్పేది వినడం మాత్రం మొదలవలేదు.

మా ఆయన అదే షెడ్డులో సరుకు పంపించే పని చూసేవారు. నేను ఏదైనా చెప్పాలంటే ఆయనకి చెప్పాలి, ఆయన వెళ్ళి అన్నయ్యకి చెప్పాలి, జవాబు మళ్ళీ అదే దారిలో రావాలి. మధ్యలో మాట మెత్తబడిపోయేది. "ఇది ప్రమాదం" అని నేనంటే, "ఒకసారి చూస్తే బాగుంటుందేమో అంటోంది" అని అటు చేరేది. కొన్నాళ్ళకి ఆ పద్ధతి మానేసి నేనే నేరుగా ఆయన గదిలోకి వెళ్ళడం మొదలుపెట్టాను. ఆయన కంప్యూటర్ వైపు చూస్తూ వినేవారు. కూర్చోమనేవారు కాదు. నేనే కూర్చునేదాన్ని. అది ఆయనకి ఎంత కంటగింపో ఆ మొహంలో కనపడేది.

పాత యాసిడ్ తొట్టి ఇటుకలతో కట్టి లోపల పలకలు అంటించింది. పలకల సందులు వదిలేసి యాసిడ్ చెమ్మ బయటికి రావడం మొదలైంది. కొత్త తొట్టి తప్పదు. నేను చెప్పింది పాలీప్రాపిలీన్ తొట్టి. అంటే మందపాటి ప్లాస్టిక్ పలకలని వెల్డు చేసి, బయట నుంచి ఇనుప చట్రంతో బిగించినది. ఆ యాసిడ్ దాన్నేమీ చెయ్యలేదు. ఇనుప తొట్టికి లోపల రబ్బరు తొడిగినా సరే. ఈ రెండిట్లో ఏదైనా పరవాలేదన్నాను.

"ప్లాస్టిక్కా!" అన్నారు బావగారు, మొదటిసారి నా వైపు తిరిగి. "మనమేమన్నా నీళ్ళ డ్రమ్ములు అమ్ముకుంటున్నామా అమ్మాయ్? రేపు పార్టీలు వచ్చి చూస్తే ఏమనుకుంటారు?"

"వాళ్ళు తొట్టి చూడరండి, పూత చూస్తారు."

"నీకు తెలీదు. స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టిస్తున్నాను. రాజమండ్రిలో ఒకాయనతో మాట్లాడేశాను. ఫస్టు క్లాసు స్టీలు."

పిసినారితనం కాదిది. స్టెయిన్‌లెస్ స్టీలు ఖరీదే ఎక్కువ. ఆయనకి మెరుపు కావాలి. చక్కెర ఫ్యాక్టరీలో స్టీలు పాత్రలు చూసొచ్చారు, పాల డెయిరీలో చూసొచ్చారు. అక్కడ పనికొచ్చింది తన షెడ్డులో ఎందుకు పనికిరాదో ఒక ఆడపిల్ల, అందులోనూ తమ్ముడి పెళ్ళాం, చెప్పడమేమిటని ఆయన బాధ.

అయినా చెప్పాను. స్టెయిన్‌లెస్ స్టీలుకి తుప్పు పట్టకపోవడానికి కారణం దాని మీద ఉండే పలుచటి పొర, అది కంటికి కనపడదు. గీత పడినా గాలి తగిలితే మళ్ళీ కట్టుకుంటుంది. పాలలో, పాకంలో, చింతపండు పులుసులో దానికి ఇబ్బంది లేదు. ఈ యాసిడ్ మాత్రం ఆ పొరని నిలవనివ్వదు. పొర పోయిందంటే ఆ స్టీలు కరిగిపోవడమే. అందులోనూ వెల్డు చేసిన చోట్లు ముందు పోతాయి. తొట్టి అంటేనే నాలుగు పక్కలా వెల్డు.

ఆయన చేతి గడియారం చూసుకున్నారు.

ఆ వారంలోనే రాజమండ్రి ఫాబ్రికేటరు వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో పెద్ద ఫోను. తను చేసిన తొట్ల ఫొటోలు ఒక్కొక్కటీ జరిపి చూపిస్తూ, "నీళ్ళలా ఉంటదండి, అద్దంలా ఉంటదండి" అంటున్నాడు. నేను అతన్నడిగాను, ఇందులో ఒక్క తొట్టిలోనైనా హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉందా అని.

"అన్ని రకాల కెమికల్సూ ఉన్నాయండి."

"నేను అడిగింది ఒక్కదాని గురించి."

అతను బావగారి వైపు చూసి నవ్వాడు. బావగారూ నవ్వారు. మా ఆయన గోడకి చేరగిలబడి ఫోను చూసుకుంటున్నారు. ఆ ముగ్గురి మీదా ఆ క్షణాన నాకు పుట్టిన కోపాన్ని ఇక్కడ రాయడానికి మర్యాదైన మాటలు దొరకవు.

అతని జీపులో స్టీలు ముక్కలు నమూనాగా పడున్నాయి. ఒకటి అడిగి తీసుకున్నాను. గాజు సీసాలో షెడ్డులోని యాసిడే పోసి, ముక్కని దారం కట్టి వేలాడదీసి, బావగారి గది బయట, అందరికీ కనపడే కిటికీ గట్టు మీద పెట్టాను. కాసేపటికే ముక్క చుట్టూ సన్నటి బుడగలు లేచాయి. మర్నాటికి యాసిడ్ ఆకుపచ్చగా తిరిగింది. అద్దంలా ఉన్న ముక్క బూడిద రంగుకి వచ్చింది. తరవాత అంచులు కొరికినట్టయ్యాయి. షెడ్డులో పనిచేసేవాళ్ళు టీ తాగడానికి వచ్చినప్పుడు దాని ముందు నిలబడి చూసేవాళ్ళు.

బావగారూ చూశారు. ఫాబ్రికేటరుకి ఫోను చేశారు. అతనేమన్నాడో నాకు వచ్చి చెప్పారు. ఆ ముక్క తక్కువ రకమట, తొట్టికి వేసేది అంతకంటే మంచి రకమట.

"ఆ మంచి రకం ముక్క కూడా పంపించమనండి. పక్కనే వేలాడదీస్తాను," అన్నాను. "అది కాస్త నెమ్మదిగా పోతుంది. పోవడం మాత్రం పోతుంది."

"సీసాలో జరిగేది వేరు, ఫ్యాక్టరీలో జరిగేది వేరు. నీ కాలేజీ సరదాలు ఇక్కడ వద్దు."

మర్నాడు సీసా లేదు. వాసన వస్తోందని తీయించేశారు.

తొట్టికి ఆర్డరు వెళ్ళిపోయింది. మా ఆయన్ని అడిగాను, మీరొక్క మాట చెప్పచ్చు కదా అని. "అన్నయ్య ఒకసారి అనుకుంటే ఇంక వినడు, నీకు తెలుసుగా," అన్నారు. అది తెలియక అడిగానా నేను?

తొట్టి ఆ యాసిడ్‌కి ఎలాగూ ఆగదు. కారినప్పుడు యాసిడ్ ఎటు పోతుందన్నది చూడాలనుకున్నాను. షెడ్డు నేల వాలు వెనక వైపుకి. వెనక మురుగు కాలువ, అది వెళ్ళి పంట బోదెలో కలుస్తుంది. ఆ బోదె నుంచి పక్కాయన తన రొయ్యల చెరువుకి నీళ్ళు తోడుకుంటాడు. తొట్టి కూర్చోబెట్టే చోటు చుట్టూ యాసిడ్ తట్టుకునే పలకలతో మోకాలెత్తు గోడ కట్టించాలి. కారినదంతా అందులోనే ఆగాలి. ఈ సంగతి బావగారితో అంటే, "ఇంకా తొట్టి రాకముందే కారుతుందని శకునం చెప్తావేంటి?" అని మండిపడ్డారు.

ఆషాఢంలో ఆయన పెద్దాపురం వెళ్ళారు. మరిడమ్మ జాతరకి ఆయనకి మొక్కుంది, ఏటా వెళ్తారు. ఆయన లేని రోజుల్లో నేను గోడ కట్టించేశాను. యాసిడ్ తొట్టి దగ్గర పనిచేసే మనిషి ఒకతను ఉండేవాడు, నరసాపురం వైపు సముద్రం పక్క ఊరివాడు, చేపల వేట మానేసి ఈ పనిలోకి వచ్చినవాడు. అతనికి గోడ ఎందుకో చెప్పాను. "ఆయ్, కట్టేద్దారండి," అని మేస్త్రీని తనే తీసుకొచ్చాడు.

బావగారు తిరిగొచ్చి చూశారు. అందరి ముందూ అరిచారు.

"నా షెడ్డులో గోడ కట్టడానికి నువ్వెవరు?"

"బోర్డు మీద రాయించుకున్నారు కదండీ, ఇంజనీరుని."

ఆ మాటతో ఆయన మొహం నల్లబడింది. మేస్త్రీని మళ్ళీ పిలిపించి, ట్రాలీ తిరగడానికి దారి కావాలని చెప్పి, వెనక వైపు గోడ పగలగొట్టించారు. ట్రాలీ ముందు నుంచి కూడా తిరుగుతుంది. మురుగు కాలువ ఉన్న వైపే ఆయన పగలగొట్టించింది. నా మీద కోపంతో చేయించారు. ఇప్పటికీ నా నమ్మకం అదే. అది కాదని ఆయన కూడా ఏనాడూ అనలేదు.

శ్రావణంలో తొట్టి వచ్చింది. నిజంగానే అద్దంలా ఉంది. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. మా తోటికోడలు అందరికీ పులిహోర పంచింది. ఫాబ్రికేటరుకి శాలువా కప్పారు. నేను వెళ్ళాను, నిలబడి చూశాను. యాసిడ్ పోశాక వెల్డు గీతల వెంట బుడగలు వరస కట్టాయి. "పొంగుతోంది, శుభం," అన్నారు ఎవరో.

దసరా ఇంకా రాలేదు. వాన వెలిసిన ఒక మధ్యాహ్నం, భోజనాల తరవాత, తొట్టి దగ్గర మనిషి పెద్ద కేక పెట్టాడు. నేను పరిగెత్తేసరికి అతను నీళ్ళ పంపు కింద కాలు పెట్టుకుని పళ్ళు బిగించి ఉన్నాడు. అడుగున వెల్డు గీత జానెడు పొడవున విచ్చుకుంది. యాసిడ్ ధారగా వచ్చి అతని బూటులో పడింది. చీలమండ చుట్టూ చర్మం తెల్లగా పొంగింది. "నీళ్ళు ఆపకు, నేను చెప్పేదాకా ఆపకు," అని అతనికి చెప్పి ఒకరిని కాపలా పెట్టి, తక్కినవాళ్ళని వెనక్కి తరిమాను. గోడ మూడు వైపులా యాసిడ్‌ని ఆపింది. నాలుగో వైపు, పగలగొట్టిన చోటు నుంచి, అది ఆవిర్లు కక్కుతూ కాలువలోకి దిగిపోతోంది.

ఇసుక బస్తాలు అడ్డం వేయించాను. యాసిడ్ విరగడానికి సున్నం తెమ్మన్నాను. షెడ్డులో సున్నం లేదు. తెప్పించమని నేను ముందే చెప్పి ఉన్నాను. ఈలోగా పక్క చెరువు రైతు మోటారు సైకిలు మీద వచ్చి పడ్డాడు. బోదెలో పరిగె చేపలు వెల్లకిలా తేలుతున్నాయట.

"ఏం వదిలారండి కాలవలోకి? ఏం వదిలార్రా?"

"యాసిడ్ అండి," అన్నాను. "మీ మోటారు ఆపెయ్యండి ముందు. చెరువులోకి నీళ్ళు తియ్యకండి. మీ దగ్గర సున్నం బస్తాలుంటే ఇప్పించండి."

అతను నా మొహంలోకి ఒక్కసారి చూసి, ఇంకేమీ అడక్కుండా వెనక్కి తిరిగాడు. మోటారు ఆపించి, చెరువు గట్టు మీద పేర్చి ఉన్న సున్నం బస్తాలు తన మనుషులతో మోయించుకొచ్చాడు. కాలువలో సున్నం పోస్తుంటే నురగ బుస్సున లేచింది. అందరం దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ పోశాం. బోదె మొగ దగ్గర మట్టికట్ట వేశారు. అతని చెరువులోకి యాసిడ్ వెళ్ళలేదు. బోదెలో చేపలు మాత్రం పోయాయి. కాలు కాలిన మనిషిని మా ఆయన కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళి, కట్టు కట్టించి తీసుకొచ్చారు.

అప్పుడు వచ్చారు బావగారు. ఇస్త్రీ చొక్కాలో, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని.

రైతు ఆయన మీదకి వెళ్ళాడు. "ఎవరండి ఈ తొట్టి పెట్టింది? మొన్న కదండి కొబ్బరికాయ కొట్టారు? నా చెరువు పోతే ఎవరండి జవాబు?"

బావగారు రుమాలు తీశారు. "మా ఇంట్లో ఇంజనీరు ఉందండి," అన్నారు, నన్ను చూపిస్తూ. "చదువుకున్నవాళ్ళు కదా అని నమ్మాం. ఆవిడ చెప్పిన ప్రకారమే చేశామండి."

నా చేతులకి సున్నం. కళ్ళు మండుతున్నాయి. ఆ మనిషి ఎంత సులువుగా ఆ మాట అనేశారో చూస్తే, ఆయన ముందే అనుకుని వచ్చారనిపించింది.

"బావగారూ, నేను ఏం చెప్పానో ఈయన ముందు చెప్పండి."

"అవన్నీ ఇంట్లో మాట్లాడుకుందాం అమ్మాయ్."

"ఇంట్లో కాదండి. ఇక్కడ."

షెడ్డు మనుషులంతా అక్కడే ఉన్నారు. సీసా చూసినవాళ్ళు, గోడ పగలగొట్టినవాళ్ళు. ఒక్కరూ తలెత్తలేదు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, జీతం ఇచ్చేది ఆయన. కాలు కాలిన మనిషి కూడా కట్టుతో బల్ల మీద కూర్చుని నేల చూస్తున్నాడు. నేను మా ఆయన వైపు తిరిగాను.

"మీరు చెప్పండి. ఈ స్టీలు ఎవరు పెట్టించారు?"

ఆయన అన్నయ్యని చూశారు, నన్ను చూశారు. చెమట తుడుచుకున్నారు.

"అన్నయ్యే," అన్నారు. "తను వద్దనే చెప్పింది. గోడ కూడా అన్నయ్యే తీయించాడు."

బావగారు తమ్ముడి చెంప మీద కొట్టారు. నలభై దాటిన మనిషిని, పనివాళ్ళ ముందు, పరాయి రైతు ముందు. తరవాత కారెక్కి వెళ్ళిపోయారు. రైతు గొంతు తగ్గించి, "వెళ్ళండమ్మా, మొహం కడుక్కోండి," అన్నాడు.

మర్నాడు మా తోటికోడలు మా వాటాలోకి వచ్చింది. గుమ్మం దాటకుండానే అడిగింది, "ఇంటి మగాణ్ణి నలుగురిలో నిలబెట్టడానికి నీకు నోరెలా వచ్చిందే?" అని.

"అబద్ధం చెప్పడానికి ఆయనకి ఎలా వచ్చిందో అలాగే వచ్చిందక్కయ్యా."

"కొట్టింది తమ్ముణ్ణే కదా. నిన్ను కాదుగా."

నేను తలుపు వేసేశాను. ఆ నెలలోనే మేము అద్దె ఇంటికి మారాం. అత్తగారి నగలూ, పొలం వాటాలూ అన్నీ ఆ తరవాత వచ్చిన తగాదాలే. జనం చూసింది వాటిని. షెడ్డు బోర్డు మీద ఇంజనీరు మాట తెల్ల రంగు పూసి చెరిపేశారు.

బావగారు ఆ తరవాత పాలీప్రాపిలీన్ తొట్టే పెట్టించారు. చుట్టూ గోడ కూడా, ఈసారి నాలుగు వైపులా. ఒక పెళ్ళిలో ఆయన ఎవరికో చెబుతుంటే విన్నాను. "ఈ యాసిడ్‌కి స్టీలు ఆగదండి, నేను మొదట్నించీ అంటూనే ఉన్నాను," అంటున్నారు. నేను వెనక వరసలోనే ఉన్నానని ఆయనకి తెలుసు. గొంతు తగ్గించలేదు. లేచి వెళ్ళి అందరి ముందూ అడగాలనిపించింది. పెళ్ళివాళ్ళ మొహం చూసి ఊరుకున్నాను.

మా ఆయన ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నారు. చెంప మీద కొట్టిన మనిషి దగ్గరికి రోజూ పొద్దున్నే క్యారేజీ పట్టుకుని వెళ్తారు. ఎందుకని అడిగితే, "మన షెడ్డే కదా" అంటారు. ఆ రోజు ఆ రెండు మాటలూ చెప్పినందుకు ఆయన్ని గౌరవిస్తాను. మిగతా రోజుల గురించి మేము మాట్లాడుకోం. నేను భీమవరంలో ఏరియేటర్లు తయారుచేసే వాళ్ళకీ, ఐసు ఫ్యాక్టరీల వాళ్ళకీ ఏ పైపు, ఏ బోల్టు, ఏ పూత ఉప్పునీటికి ఆగుతుందో చెప్పే పని చేసుకుంటున్నాను. వాళ్ళు కూర్చోమంటారు. చెప్పింది అన్నిసార్లూ వినరు, కానీ వినకపోతే ఎందుకు వినలేదో చెబుతారు.

నీ కోపం తగ్గలేదా అని చుట్టాలు అడుగుతారు. ఎందుకు తగ్గాలి? తప్పు లోహం ఎంచుకోవడం ఎవరైనా చేస్తారు. లాబ్‌లో మేమూ చేశాం, చూసి మార్చుకున్నాం. ఆయన లోహాన్ని ఎంచుకోలేదు. నేను చెప్పింది కాకుండా ఏదైనా సరేననుకున్నారు. దానికి ఇంకొకడి కాలు కాలింది.

ఈ మధ్య ఆ మనిషే ఫోను చేశాడు. కాలు మానింది, మచ్చ ఉండిపోయింది, అదే తొట్టి దగ్గర పనిచేస్తున్నాడు.

"మేడంగారండి, యాసిడ్ తోడడానికి పంపు కొంటున్నారంటండి. ఏ రకం మంచిదండి?"

"ఎవరు అడగమన్నారు?"

"నేనే అడుగుతున్నానండి. పంపు పక్కన నిలబడేది నేనే కదండి."

చెప్పాను. యాసిడ్ తగిలే చోట ఎక్కడా లోహం ఉండకూడదు, పంపు బాడీ కూడా పాలీప్రాపిలీన్‌దే అయి ఉండాలి, లీకు ఆపే సీలు ఉన్న వైపు నువ్వు నిలబడొద్దు అని. రెండోసారి కూడా చెప్పి, అతని చేత తిరిగి చెప్పించుకున్నాను. అతను ఫోను పెట్టేసేలోగా వెనక నుంచి బావగారి గొంతు వినపడింది.

"ఏమంటోంది?"

నేను ఫోను కట్ చేశాను. ఏ పంపు కొన్నారో నాకు తెలియదు. మా ఆయనకి తెలిసే ఉంటుంది. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.